బ్యాంకు గోప్యతా నోటీసు: బిలాస్‌పూర్‌లో తెలుగులో అడగవచ్చా?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలు మార్గం వల్ల పెరిగిన పట్టణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో హౌరా–నాగ్‌పూర్ మార్గంలో ముఖ్యమైన జంక్షన్‌గా ఎదిగింది. 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ఏర్పడినప్పుడు దానికి ప్రధాన కార్యాలయం అయింది. అదే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మరో వైపు వాల్తేరు దాకా వెళ్లేది. ఉత్తరాంధ్ర నుంచి పని కోసం వచ్చిన కుటుంబాలు రైల్వే కాలనీల్లో స్థిరపడటానికి ఆ దారే కారణం. నేటికీ విశాఖపట్నం–కోర్బా ఎక్స్‌ప్రెస్, తిరుపతి–బిలాస్‌పూర్ ఎక్స్‌ప్రెస్ ఈ బంధుత్వాలను మోసుకెళ్తున్నాయి.

ఇక్కడి రైల్వే ఉద్యోగికి జీతం, పదవీ విరమణ చేసినవారికి పింఛను, భర్తను కోల్పోయిన ఇల్లాలికి కుటుంబ పింఛను అన్నీ బ్యాంకు ఖాతాలోకే వస్తాయి. ఖాతా తెరిచేటప్పుడు ఆధార్, పాన్, ఫొటో, వేలిముద్ర, నామినీ వివరాలు ఇస్తారు. చివర్లో హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉన్న ఒక పొడవాటి పేరా కింద సంతకం చేస్తారు. ఫోన్‌లో అయితే ‘నేను అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో టిక్ పెడతారు. ఆ పేరాలో ఏముందో చదివేవారు తక్కువ. చదివినా అర్థమయ్యేది ఇంకా తక్కువ.

ఆ పేరాను తెలుగులో ఇమ్మని బిలాస్‌పూర్ ఖాతాదారు అడగవచ్చా? అడగవచ్చని దేశ చట్టం చెబుతోంది. అయితే ఆ హక్కు ఎప్పుడు, ఎంతవరకు అమల్లోకి వస్తుందో తెలుసుకోవాలంటే గోప్యతా నోటీసు ఎలా పనిచేస్తుందో ముందు చూడాలి.

నోటీసులో ఏముండాలి?

పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఒక వ్యక్తి సమాచారాన్ని ఆమె సమ్మతితో వాడుకోవాలనుకునే సంస్థ, ఆ సమ్మతి అడిగేటప్పుడు గానీ అంతకు ముందు గానీ నోటీసు ఇవ్వాలని ఈ చట్టంలోని 5వ సెక్షన్ చెబుతుంది. విశేషమేమిటంటే, ఈ సెక్షన్ కింద చట్టం ఇచ్చిన ఉదాహరణ బ్యాంకుదే. ఒకరు బ్యాంకు యాప్‌లో ఖాతా తెరుస్తూ వీడియో ద్వారా కేవైసీ చేయించుకోవాలనుకుంటే, ఏ సమాచారాన్ని ఏ పనికి తీసుకుంటున్నదో బ్యాంకు ముందే చెప్పాలి.

2025 నవంబర్‌లో వెలువడిన నిబంధనలు నోటీసు రూపాన్ని మరింత స్పష్టం చేశాయి. వాటి ప్రకారం నోటీసు మిగతా కాగితాలతో సంబంధం లేకుండా విడిగా చదివినా అర్థం కావాలి. అంటే నలభై పేజీల నిబంధనల మధ్య దాన్ని కలిపేయడం కుదరదు. సేకరించే సమాచారాన్ని ఒక్కొక్కటిగా పేర్కొనాలి. ప్రతిదాన్నీ ఏ అవసరానికి వాడతారో, దాని వల్ల ఖాతాదారుకు అందే సేవ ఏమిటో చెప్పాలి. సమ్మతిని వెనక్కి తీసుకోవడానికి, హక్కులు వినియోగించుకోవడానికి, డేటా రక్షణ మండలికి ఫిర్యాదు చేయడానికి దారి చూపాలి. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలికగా ఉండాలి. ఒక్క నొక్కుతో తీసుకున్న సమ్మతిని రద్దు చేయడానికి శాఖకు వచ్చి దరఖాస్తు రాయమనడం ఈ సూత్రానికి విరుద్ధం.

వివాదం వస్తే నోటీసు ఇచ్చామని నిరూపించాల్సిన బాధ్యత సంస్థదే. ‘నాకు చెప్పలేదు’ అని ఖాతాదారు సాక్ష్యాలు వెతుక్కోనక్కర్లేదు. చట్టం రాకముందే సమ్మతి ఇచ్చిన పాత ఖాతాదారులకు కూడా, చట్టం అమల్లోకి వచ్చాక వీలైనంత త్వరగా నోటీసు పంపాలి.

ఈ బాధ్యతలన్నీ దశలవారీగా వస్తున్నాయి. డేటా రక్షణ మండలి ఏర్పాటుకు సంబంధించిన నిబంధనలు 2025 నవంబర్‌లోనే అమల్లోకి వచ్చాయి. నోటీసు, సమ్మతి, ఖాతాదారు హక్కులకు సంబంధించినవాటికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అంటే అవి 2027 మే నెలలో అమల్లోకి రావాలి. ఈలోగా ఖాతాదారుకు రక్షణ లేదా అంటే ఉంది. దాని చరిత్ర పాతది.

రహస్యం నుంచి నోటీసు దాకా

ఖాతాదారు విషయాలు బయటపెట్టకూడదన్న నియమానికి బ్యాంకింగ్ ప్రపంచమంతా తలుచుకునే మూలం 1924 నాటి ఇంగ్లండ్ కేసు. టూర్నియర్ అనే ఖాతాదారు ఓవర్‌డ్రాఫ్ట్ బాకీ పడ్డాడు. బ్యాంకు మేనేజర్ అతని చిరునామా కోసం అతను పనిచేసే సంస్థకు ఫోన్ చేసి, మాటల్లో అతని బాకీ సంగతి, పందేలు కాస్తున్నాడన్న అనుమానం కూడా చెప్పేశాడు. అతని ఉద్యోగం పోయింది. ఖాతాదారు విషయాలను రహస్యంగా ఉంచడం బ్యాంకు ఒప్పంద బాధ్యత అని అప్పీలు కోర్టు తేల్చింది. చట్టం బలవంతం చేసినప్పుడు, ప్రజాహితం కోరినప్పుడు, బ్యాంకు తన ప్రయోజనాన్ని కాపాడుకోవాల్సినప్పుడు, ఖాతాదారే ఒప్పుకున్నప్పుడు అనే నాలుగు మినహాయింపులు మాత్రమే ఇచ్చింది. మన దేశంలో 1955 నాటి స్టేట్ బ్యాంకు చట్టం, 1970 నాటి బ్యాంకుల జాతీయీకరణ చట్టం ఇదే గోప్యతా బాధ్యతను రాతపూర్వకంగా పెట్టాయి.

తెలుగు నేల నుంచి వచ్చిన ఒక కేసు ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో స్టాంపు చట్టంలోని 73వ సెక్షన్‌ను సవరించింది. కలెక్టర్ అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకులోకి వెళ్లి పత్రాలు తనిఖీ చేయడానికి, అవసరమనుకుంటే స్వాధీనం చేసుకోవడానికి ఆ సవరణ వీలు కల్పించింది. బ్యాంకులు కోర్టుకెళ్లాయి. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కలెక్టర్ ఒకవైపు, కెనరా బ్యాంకు మరోవైపు నిలిచిన అప్పీలులో సుప్రీంకోర్టు 2004లో హైకోర్టు తీర్పునే సమర్థించింది. ఖాతాదారు తన పత్రాలను బ్యాంకు చేతికి ఇచ్చినంత మాత్రాన అవి తన గోప్యత పరిధి దాటిపోవని చెప్పింది. గోప్యత స్థలానికి కాదు, మనిషికి చెందినదన్నది ఆ తీర్పు సారం. బ్యాంకుకు అప్పగించిన రికార్డుల మీద ఖాతాదారుకు గోప్యత ఉండదని 1976లో అమెరికా సుప్రీంకోర్టు మిల్లర్ కేసులో తీసుకున్న వైఖరిని మన కోర్టు అంగీకరించలేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది.

రిజర్వు బ్యాంకు నిబంధనలూ ఇదే దారిలో నడిచాయి. 2014 డిసెంబర్‌లో ప్రకటించిన ఖాతాదారు హక్కుల పత్రంలోని ఐదు హక్కుల్లో గోప్యత ఒకటి. ఖాతా తెరవడానికి తీసుకున్న సమాచారాన్ని ఖాతాదారు స్పష్టమైన అనుమతి లేకుండా ఇతర ఉత్పత్తులు అమ్మడానికి వాడకూడదని కేవైసీ నిబంధనలు చెబుతున్నాయి. ఇది ఇప్పటికే అమల్లో ఉంది. పింఛను ఖాతా తెరిచిన వారానికే బీమా పాలసీ అమ్మడానికి ఫోన్లు మొదలైతే, ‘నా నంబరు మీకు ఎవరిచ్చారు, ఏ అనుమతితో ఇచ్చారు’ అని అడిగే హక్కు ఖాతాదారుకు ఈ రోజే ఉంది.

ఫోన్‌బుక్ తాకట్టు

నోటీసు లేని సమ్మతి ఎంత ప్రమాదమో 2020 చివర్లో తెలంగాణ చూసింది. లాక్‌డౌన్‌లో ఆదాయం కోల్పోయినవారు నిమిషాల్లో అప్పిచ్చే ఫోన్ యాప్‌లను ఆశ్రయించారు. యాప్ వేసుకునేటప్పుడు అది కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగింది. ఎందుకో చెప్పలేదు. వాయిదా తప్పగానే ఆ కాంటాక్టుల్లోని బంధువులకు, సహోద్యోగులకు అవమానకరమైన సందేశాలు వెళ్లాయి. వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్న ఘటనలు వెలుగులోకి వచ్చాక హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు. రిజర్వు బ్యాంకు 2020 డిసెంబర్ 23న ప్రజలను హెచ్చరించి, 2021 జనవరిలో అధ్యయన బృందాన్ని నియమించింది. ఆ బృందం పరిశీలించిన సుమారు 1,100 రుణ యాప్‌లలో దాదాపు 600 చట్టవిరుద్ధమైనవని తేలింది.

దాని ఫలితమే 2022 సెప్టెంబర్‌లో వచ్చిన డిజిటల్ రుణ మార్గదర్శకాలు. 2025 మేలో వీటిని సమగ్ర ఆదేశాలుగా మార్చారు. రుణ యాప్‌లు ఫోన్‌లోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్టులు, కాల్ వివరాల జోలికి పోకూడదు. కెమెరా, మైకు, లొకేషన్ వంటివి కేవైసీ వంటి అవసరానికి ఒకసారి మాత్రమే, స్పష్టమైన సమ్మతితో వాడవచ్చు. సమ్మతి అడిగే ప్రతి దశలో కారణం చెప్పాలి. సమాచారం భారత్‌లోని సర్వర్లలోనే ఉండాలి. జీతం వచ్చే తేదీ ఖచ్చితంగా తెలిసిన రైల్వే ఉద్యోగి అప్పిచ్చేవారికి నమ్మకమైన ఖాతాదారు. అందుకే ఇలాంటి యాప్‌ల ప్రకటనలు అతని ఫోన్‌కు ఎక్కువగా వచ్చే అవకాశం ఉంది.

నోటీసును ఎందుకు చదవరు?

చట్టం నోటీసు ఇమ్మంటుంది. ఇచ్చినదాన్ని మనిషి చదివి అర్థం చేసుకుంటాడా అన్నది వేరే ప్రశ్న. దీనికి సమాధానం పరిశోధనల్లో ఉంది.

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అలీసియా మెక్‌డొనాల్డ్, లోరీ క్రేనర్ 2008లో ఒక లెక్క వేశారు. ఒక వ్యక్తి ఏడాదిలో చూసే వెబ్‌సైట్ల గోప్యతా విధానాలన్నీ చదవాలంటే దాదాపు 200 గంటలు పడుతుందని తేల్చారు. మరో ప్రయోగంలో జొనాథన్ ఒబార్, ఆన్ ఓల్డార్ఫ్ హిర్ష్ ఒక కల్పిత సోషల్ నెట్‌వర్క్‌ను తయారు చేసి 543 మంది విద్యార్థులను చేరమన్నారు. చేరినందుకు రుసుముగా మొదటి బిడ్డను ఇచ్చేయాలని నిబంధనల్లో రాశారు. 98 శాతం మంది దాన్ని గమనించనేలేదు. వారంతా విశ్వవిద్యాలయంలో చదువుతున్నవారే. కాబట్టి ఇది చదువు లేకపోవడం వల్ల వచ్చిన సమస్య కాదు. మనిషి తీరికనూ ఓపికనూ లెక్కలోకి తీసుకోకుండా నోటీసు రాయడమే అసలు లోపం.

ఆర్థిక సంస్థల నోటీసుల విషయంలో పెద్ద ప్రయోగశాల అమెరికాయే. 1999 నవంబర్‌లో వచ్చిన గ్రామ్–లీచ్–బ్లైలీ చట్టం ఆర్థిక సంస్థలు ఖాతాదారులకు గోప్యతా నోటీసు ఇవ్వాలని, సమాచారాన్ని బయటి సంస్థలతో పంచుకోవద్దనే అవకాశం కల్పించాలని ఆదేశించింది. 2001లో నోటీసులు ఇళ్లకు చేరాయి. మార్క్ హాక్‌హౌసర్ అనే పరిశోధకుడు అలాంటి 60 నోటీసులను పరిశీలిస్తే, అవి డిగ్రీ మూడో, నాలుగో ఏడాది విద్యార్థి స్థాయి భాషలో ఉన్నట్టు తేలింది. ఆ తర్వాత నియంత్రణ సంస్థలు డిజైన్ నిపుణులతో పనిచేయించి, సామాన్య ఖాతాదారుల మీద పరీక్షించి, 2009లో రెండు పేజీల నమూనా నోటీసును ఆమోదించాయి.

ఆ నమూనాలో ముఖ్యమైనది ఒక పట్టిక. ఎడమవైపు సమాచారం పంచుకునే కారణాలు ఉంటాయి. పక్కన రెండు గడులు: ‘మేం పంచుకుంటామా?’, ‘మీరు ఆపగలరా?’. జవాబు అవును లేదా కాదు. అన్ని సంస్థలూ ఒకే అచ్చులో నోటీసు ఇవ్వడంతో ఊహించని మేలు కూడా జరిగింది. కార్నెగీ మెలన్ పరిశోధకులు వేలాది సంస్థల నోటీసులను కంప్యూటర్‌తో పోల్చి చూశారు. ఒకే రకమైన సేవలిచ్చే సంస్థల మధ్య కూడా సమాచారం పంచుకునే తీరులో చాలా తేడా ఉందని బయటపడింది. అచ్చు ఒకటైతే ఖాతాదారు కూడా రెండు బ్యాంకులను పక్కపక్కన పెట్టి చూసుకోగలడు.

మన 2025 నిబంధనలు నోటీసులో ఏముండాలో చెప్పాయి గానీ, ఇలాంటి ఒకే నమూనాను నిర్దేశించలేదు. ప్రతి సంస్థా తనకు తోచిన రూపంలో ఇచ్చుకోవచ్చు.

ఏ భాషలో? ఎవరి భాషలో?

నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదివే వీలు ఖాతాదారుకు ఇవ్వాలని చట్టం చెబుతుంది. ఇది రాష్ట్రాన్ని బట్టి మారదు. బ్యాంకు ఫారాలు ఇంగ్లిష్, హిందీ, ప్రాంతీయ భాష మూడింటిలో ఉండాలన్నది రిజర్వు బ్యాంకు పాత నియమం. బిలాస్‌పూర్‌లో ప్రాంతీయ భాషా హిందీయే కాబట్టి అక్కడ తెలుగుకు చోటు దొరకదు. కొత్త చట్టం ప్రకారం మాత్రం బిలాస్‌పూర్‌లోని తెలుగు కుటుంబానికి విజయనగరంలోని కుటుంబానికి ఉన్న హక్కే ఉంటుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఛత్తీస్‌గఢీని రాష్ట్ర అధికార భాషగా గుర్తిస్తూ 2007లో శాసనసభ చట్టం చేసింది. 2011 జనాభా లెక్కల్లో 1.62 కోట్ల మంది దాన్ని మాతృభాషగా చెప్పారు. అయినా అది ఎనిమిదో షెడ్యూలులో లేదు. గోండీ కూడా లేదు. అంటే వలస వచ్చిన తెలుగువారికి తమ భాషలో నోటీసు అడిగే హక్కు ఉంటే, పక్కింట్లో పుట్టి పెరిగిన ఛత్తీస్‌గఢీ మహిళకు ఆ హక్కు లేదు. ఆమె హిందీతో సరిపెట్టుకోవాలి.

తెలుగులో ఇచ్చినా సమస్య పూర్తిగా తీరదు. రాష్ట్రం బయట పుట్టి పెరిగిన తరాల్లో తెలుగు మాట్లాడగలిగి లిపి చదవలేనివారు ఉంటారు. వారికి అక్షరాల కంటే వినిపించే నోటీసు ఉపయోగం.

అనువాదంలోనూ చిక్కులున్నాయి. ‘సంస్థ తన అనుబంధ సంస్థలతోను, సేవా ప్రదాతలతోను వ్యాపార ప్రయోజనార్థం సమాచారాన్ని పంచుకొనుటకు ఇందుమూలముగా సమ్మతించడమైనది’ అని రాస్తే అక్షరాలు తెలుగువే గానీ అర్థం అందదు. అదే విషయాన్ని ఇలా చెప్పవచ్చు: ‘మీ ఫోన్ నంబరును, జీతం వివరాలను మా బీమా సంస్థకు ఇస్తాం. వాళ్లు మీకు పాలసీ గురించి ఫోన్ చేస్తారు. వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి. వద్దన్నా మీ ఖాతా మామూలుగానే నడుస్తుంది.’

ఏది సులువైన భాషో కొలవడానికి ఇంగ్లిష్‌లో రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ప్రకటించిన సూత్రం ఉంది. వాక్యంలో ఎన్ని పదాలు, పదంలో ఎన్ని అక్షరధ్వనులు అన్నదే దాని లెక్క. తెలుగుకు దాన్ని అలాగే వాడలేం. ‘ఇవ్వకపోయినప్పటికీ’ అనేది తెలుగులో ఒకే మాట. పొడవైనా ఎవరికీ కష్టం కాదు. ‘డేటా ప్రిన్సిపల్’ చిన్నదే, కానీ ఎవరికీ తెలియదు. భాషతో సంబంధం లేకుండా పనిచేసే పద్ధతి క్లోజ్ పరీక్ష. విల్సన్ టేలర్ 1953లో దీన్ని ప్రతిపాదించారు. పాఠంలో ప్రతి ఐదో పదాన్ని తీసేసి ఖాళీలు నింపమంటారు. సరైన పదాలు ఎక్కువగా నింపగలిగితే పాఠం అర్థమవుతున్నట్టు. ఏ బ్యాంకైనా తన తెలుగు నోటీసును పదిమంది పింఛనుదారుల చేత ఇలా పరీక్షించుకోవచ్చు. పెద్ద ఖర్చేమీ ఉండదు.

సమ్మతి అక్కర్లేని చోట్లు

బ్యాంకు చేసే ప్రతి పనికీ ఖాతాదారు సమ్మతి అవసరం లేదు. ఈ తేడా తెలియకపోతే హక్కుల మీద లేనిపోని ఆశలు పెట్టుకోవాల్సి వస్తుంది. మనీలాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం గుర్తింపు రికార్డులను ఖాతా మూసేశాక కూడా ఐదేళ్లు ఉంచాలి. ‘నా వివరాలు చెరిపేయండి’ అని అడిగినా బ్యాంకు వాటిని చెరపలేదు. రుణ చరిత్రను 2005 నాటి చట్టం కింద రుణ సమాచార సంస్థలకు పంపాలి. అప్పు ఎగవేసిన వ్యక్తి ఆస్తులు, బాకీల వివరాలు తెలుసుకోవడానికి డేటా చట్టమే మినహాయింపు ఇచ్చింది. 5వ సెక్షన్ నోటీసు సమ్మతి అడిగే సందర్భానికి ముడిపడినది. కాబట్టి చట్టం తప్పనిసరి చేసిన పనులకు ఆ నోటీసు రాకపోవచ్చు.

చట్టం తప్పనిసరి చేసినది ఎంత, బ్యాంకు తన వ్యాపారం కోసం అడుగుతున్నది ఎంత అని వేరు చేసి చూపించేదే మంచి నోటీసు. రైల్వేలు, స్టేట్ బ్యాంకు 2025 సెప్టెంబర్ 1న కుదుర్చుకున్న ఒప్పందం వంటి జీతం ప్యాకేజీల్లో ఖాతాతో పాటు ప్రమాద బీమా కూడా ఉంటుంది. ఆ బీమా కోసం నామినీ వివరాలు ఇవ్వడం ఒక అవసరం. వేరే పాలసీలు అమ్మడానికి అదే నంబరు వాడటం మరో విషయం. రెండింటికీ ఒకే టిక్ సరిపోదు. ఉద్యోగుల సహకార పరపతి సంఘాలు రిజర్వు బ్యాంకు పరిధిలోకి రాకపోయినా, సభ్యుల వివరాలను కంప్యూటర్‌లో ఉంచితే డేటా చట్టం వాటికీ వర్తిస్తుంది.

భద్రతా చర్యలు తీసుకోక సమాచారం పోగొట్టిన సంస్థకు రూ.250 కోట్ల దాకా, నోటీసు వంటి ఇతర బాధ్యతలు తప్పితే రూ.50 కోట్ల దాకా జరిమానా పడవచ్చు. అయితే ఆ సొమ్ము ప్రభుత్వ సంచిత నిధికి వెళ్తుంది. నష్టపోయిన ఖాతాదారుకు అందులో ఒక్క రూపాయి రాదు. సమాచార సాంకేతిక చట్టంలో పరిహారానికి ఆధారమైన 43ఏ సెక్షన్‌ను కూడా కొత్త చట్టం తొలగిస్తోంది. కాబట్టి సమాచారం బయటికి పోయాక బాధపడటం కంటే ముందే జాగ్రత్త పడటం ఖాతాదారుకు ముఖ్యం.

ఖాతాదారు ఇప్పుడే చేయగలిగినవి

ఫారంలో సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగాలి: ఏ సమాచారం తీసుకుంటున్నారు, ఎవరికి ఇస్తారు, వద్దంటే ఖాతా ఆగుతుందా? అమ్మకాల ఫోన్లకు అనుమతి అడిగే గడి వేరుగా ఉంటే ఖాళీగా వదిలేయవచ్చు. ముందే టిక్ పెట్టి ఉంటే తీసేయమనాలి.

రుణ యాప్ కాంటాక్టులు అడిగితే అక్కడే ఆగిపోవాలి. ఆ యాప్ ఏ బ్యాంకు లేదా ఆర్థిక సంస్థ తరఫున పనిచేస్తోందో రిజర్వు బ్యాంకు ప్రచురించిన యాప్‌ల జాబితాలో చూసుకోవాలి.

రుణ సమాచార సంస్థలు నాలుగున్నాయి. ప్రతి సంస్థ నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా పొందవచ్చు. తీసుకోని అప్పు అందులో కనిపిస్తే వెంటనే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలని నియమం ఉంది.

గోప్యతకు సంబంధించిన ఫిర్యాదును ముందుగా బ్యాంకుకే రాతపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు సహాయ నంబరు 14448. డబ్బు పోయిన సందర్భంలో ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. పింఛను పత్రం నంబరు, పదవీ విరమణ తేదీ సరిగ్గా చెప్పినంత మాత్రాన ఫోన్ చేసిన వ్యక్తి బ్యాంకు మనిషని నమ్మకూడదు. ఆ వివరాలు ఎక్కడో బయటికి పోయి ఉండవచ్చు.

2027 మే తర్వాత బ్యాంకు నుంచి కొత్త నోటీసు వస్తుంది. పాత ఖాతాదారులకు కూడా రావాలి. అది ఇంగ్లిష్‌లో వస్తే తెలుగులో చూపమని అడగాలి. బిలాస్‌పూర్ శాఖలో ఇంతవరకు ఎవరూ అడగలేదన్నది కారణం కాకూడదు. చదవడం రానివారి కోసం పక్కనున్నవారు గట్టిగా చదివి వినిపించినా చాలు. నోటీసు విన్నాక ‘ఇది వద్దు’ అని ఒక్కరైనా చెప్పగలిగితే ఆ నోటీసు దాని పని చేసినట్టే.